అమ్మ ఫోన్ చేస్తే తలుపెందుకు వేసుకుంటున్నారు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. చాలాకాలంగా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాం. పదమూడేళ్ల మా అమ్మాయికి అచ్చం ఇక్కడి యార్క్‌షైర్ యాస వచ్చేసింది. 'నథింగ్' అనడానికి 'నౌట్', 'సమ్‌థింగ్' అనడానికి 'సమ్మట్' అంటుంది. మాటమాటకీ 'లైక్' ఒకటి. మా ఆవిడకీ అదే అంటుకుంది. ఇద్దరినీ దిద్దుతూనే ఉంటాను. ఈమధ్య పాప నాతో మాట్లాడటమే తగ్గించింది. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే, ఆ మాట కూడా పిల్లకి పట్టుబడకూడదని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని మాట్లాడతాను. ఇంగ్లిష్ కోసం పాపకి ట్యూటర్‌ని పెట్టమంటారా?

జవాబు: వద్దు. లీడ్స్‌లో పెరిగే పిల్ల అక్కడి పిల్లల్లాగే మాట్లాడుతుంది. పరీక్షలో ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో సమయం వచ్చినప్పుడు తనే నేర్చుకుంటుంది. 'లైక్' చిరాకు తెప్పించే మాట నిజమే, కానీ దానికోసం కూతుర్ని దూరం చేసుకుంటారా?

మీ ఉత్తరంలో ఆ తలుపు మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. "ఏటిరా, కూడు తిన్నావా? గుంటెలాగుంది?" అనే కదా మీ అమ్మగారు అడిగేది! గుంట అంటే మీ వైపు ఆడపిల్లే. అది మనవరాలి చెవిన పడితే వచ్చే నష్టమేమిటి? చదువుకునే రోజుల్లో మీ యాసని ఎవరో ఎగతాళి చేసి ఉంటారు. జిల్లా దాటి చదువుకోవడానికి వచ్చిన శ్రీకాకుళం పిల్లల్లో ఆ మాటలు పడనివాళ్లు తక్కువ. ఆ అవమానం ఎంత లోతుగా దిగుతుందో నాకు తెలుసు. అయితే ఎవరో అన్నదానికి మీరు అమ్మని దాచిపెడుతున్నారు, కూతురి నోరు కట్టేస్తున్నారు. కన్నతల్లి మాటకి సిగ్గుపడే మనిషికి ఎంత చక్కటి ఇంగ్లిష్ వచ్చినా తన మీద తనకి గౌరవం కలగదని నా గట్టి నమ్మకం.

మీకు దగ్గర్లోనే, బ్రాడ్‌ఫర్డ్ పక్కన 1855లో జోసెఫ్ రైట్ అనే ఆయన పుట్టాడు. పసితనంలోనే మిల్లులో పనికి కుదిరాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరై, 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల్లో ఇంగ్లిష్ మాండలికాల నిఘంటువు తెచ్చాడు. మీరు దిద్దుతున్న ఆ 'నౌట్', 'సమ్మట్' లాంటి మాటలన్నీ ఆయన పోగుచేసినవే. మీ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాష కోసం ఎంత పోరాడారో మీకు నేను చెప్పాలా?

ఉత్తర ఇంగ్లండులో 'షై బెయిర్న్స్ గెట్ నౌట్' అంటారు, సిగ్గుపడే పిల్లలకి ఏమీ దొరకదని. అడగందే అమ్మయినా పెట్టదని మీ అమ్మగారూ అనే ఉంటారు. ఇంకాస్త దక్షిణాన మబ్బు కమ్మితే, ఆ దిక్కు చూపించి, 'ఇట్స్ బ్లాక్ ఓవర్ బిల్స్ మదర్స్' అంటారు, అంటే బిల్ వాళ్లమ్మ ఇంటి మీద నల్లబడిందని. ఆ బిల్ ఎవరో ఎవరికీ తెలియదు. ఎంత ముచ్చటగా ఉంది! ఇలాంటివి మీ పాప ఎన్ని నేర్చుకుందో ఎప్పుడైనా అడిగారా?

ఇక మీ ఆవిడ సంగతి. పిల్ల ముందు భార్య మాటకి అడ్డం పడి దిద్దడం ఆమెని చిన్నబుచ్చడమే. మీరు చెప్పిన అలవాట్లన్నిటిలో నాకు చిరాకనిపించింది ఇదే. ఈరోజే మానేయండి. పాప మాట్లాడుతుంటే చివరిదాకా వినండి, దిద్దాలనిపిస్తే లేచి వెళ్లి మంచినీళ్లు తాగి రండి.

అమ్మ ఫోన్ హాల్లో, స్పీకర్ పెట్టి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆవిడ మాట పాపకి అర్థం కాకపోతే పాపే అడుగుతుంది, అప్పుడు చెప్పండి. ఆవిడ చేసేదాకా చూడకండి. ఈ వారం మీరే చేయండి.