ఏడో తరం తాతను వెతుకుతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "మాస్టారూ, మా ఏడో తరం తాత గోదావరి వైపు ఇంజరంలో ఈస్టిండియా కుంపిణీ దొరల దగ్గర దుబాసీగా, అంటే వాళ్ల మాటా మనవాళ్ల మాటా తర్జుమా చేసే మనిషిగా, చేశాడట. ఆయన మీద నవల రాద్దామనుకుంటున్నాను. ఎక్కణ్ణించి మొదలుపెట్టను?" అని అడిగావు. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. ఇలాంటి పనిలో నేను పదకొండేళ్లు గడిపాను. అందులో నాలుగేళ్లు తప్పుదారిలో పోయాయి. నీకు ఆ నాలుగేళ్లూ కలిసిరావాలని, ఆలోచించుకుని రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మాది గుంటూరు వైపు. మా అటక మీద తాటాకుల కట్ట ఒకటుండేది. అందులో ఓ అమ్మకం పత్రం. మా పూర్వీకుడు నాలుగు పుట్ల మాగాణి అమ్ముకున్నట్టు ఉంది. పైన "నందన నామ సంవత్సరం" అని ఉంది. అదే పేరున్న మనిషి 1760ల నాటి ఇంకో కాగితంలో కనిపించాడు. ఇంకేముంది, నందన అంటే 1772 అని లెక్క కట్టేశాను. కుంపిణీవాళ్ల శిస్తు భారం మోయలేక భూమి తెగనమ్ముకున్నాడని కథ అల్లాను. రాస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. అచ్చు కూడా అయింది.

అది చదివి ఓ పెద్దాయన మా ఇంటికొచ్చారు. తరతరాలుగా కరణీకం చేసిన ఇంటివారు. ఆ తాటాకు చూపించమన్నారు. కిటికీ దగ్గర కూర్చుని, ఆకును ఎండకి కాస్త వాలుగా పట్టుకుని, గీతల్లో పసరు పోయిన చోట్ల వేలితో తడుముతూ చదివారు. చదివాక నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. "1772లో గుంటూరు ఎవరి చేతిలో ఉంది నాయనా?" అన్నది మొదటిది. నా నోట మాట రాలేదు. కోస్తాలోని మిగతా సర్కారు జిల్లాలు 1766లో నిజాంతో ఒప్పందం మీద కుంపిణీకి దక్కాయి గానీ, గుంటూరు అప్పటికింకా నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరే. 1788లో గానీ కుంపిణీ చేతికి రాలేదు. రెండో ప్రశ్న: "సంవత్సరం పేరొక్కటే చూశావు. మాసం, తిథి, వారం కూడా ఉన్నాయి కదా, అవి కుదిరాయా?"

స్వామికన్ను పిళ్లై గారి పంచాంగ పట్టికలు తెచ్చి ఇద్దరం కూర్చున్నాం. 1772లో ఆ తిథి నాడు ఆ వారం పడలేదు. అరవై ఏళ్లు ముందుకు జరిగి 1832 చూస్తే అక్షరాలా కుదిరింది. 1832-33 అంటే నందన కరువు. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన కరువు. ఆ మాగాణి శిస్తు కోసం పోలేదు, తిండిగింజల కోసం పోయింది. అమ్మిన మనిషి నేననుకున్న తాత కాదు, ఆయన పేరే పెట్టుకున్న మనవడు. ఇద్దరి బతుకుల్ని కలిపి నేను ఒక్క మనిషిని చేసేశాను.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వూ ఈ గోతిలోనే కాలు పెడతావు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. కాబట్టి ప్రతి రెండో తరంలో అదే పేరు తిరిగొస్తుంది. సంవత్సరాల పేర్లు కూడా అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. అంటే తాతా మనవళ్లు ఒకే పేరుతో, ఒకే పేరున్న సంవత్సరంలో కాగితాల మీద కనిపించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లోవాళ్లని అడిగితే తేలదు. తర్పణం వదిలేటప్పుడు మనం చెప్పేది తండ్రి, తాత, ముత్తాత, అంతే. ఆ పైన ఉన్నవాళ్లంతా "పెద్దలు" అనే ఒక్క మాటలో కలిసిపోతారు. మీ "ఏడో తరం" అన్న లెక్క కూడా సరిచూసుకో. నాలుగో తరంవాణ్ణి ఏడో తరం అని, తొమ్మిదో తరంవాణ్ణి ఏడో తరం అని చెప్పుకునే ఇళ్లు చాలా చూశాను.

అందుకే నేరుగా దుబాసీల కాలమైన 1780లకి దూకొద్దు. ఇవాళ్టి నుంచి వెనక్కి నడువు. మీ నాన్నగారి దగ్గరున్న పట్టాదారు పాస్‌బుక్, దానికి ముందటి దస్తావేజులు, కోర్టు కాగితాలు ఏవైనా ఉంటే అవి. మీకు ఎప్పుడైనా ఇనాం భూమి, అంటే శిస్తు మాఫీ చేసో తగ్గించో దానంగా ఇచ్చిన భూమి, ఉందా అని అడుగు. ఉంటే నీ పంట పండినట్టే. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు వాళ్లు ఊరూరా ఇనాములు విచారించి రాసిన పుస్తకాలే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. భూమి తగాదాల్లో లాయర్లు ఈనాటికీ వాటిని తిరగేస్తారు. పేజీ నిండా గడులు. ఈ ఇనాం ఎవరిచ్చారు, ఏ ఏడు ఇచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, వారసులెవరు అని. 1860లలో బతికున్న మనిషి వయసుతో సహా దొరుకుతాడు. అదే వరసలో పద్దెనిమిదో శతాబ్దంలో జమీందారు నుంచి ఆ భూమి పుచ్చుకున్నవాడి పేరూ దొరుకుతుంది. నూరేళ్లు ఒక్క అడుగులో దాటే వంతెన అది. నాకు తెలిసి మామూలు కుటుంబాలకి ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

శిస్తు కాగితాల్లో వాడే ఫసలీ సంవత్సరాల లెక్క నేర్చుకో. ఫసలీకి 590 కలిపితే మన వాడుక సంవత్సరం వస్తుంది. జమీందారీలకు శాశ్వత శిస్తు కట్టిన 1802 అంటే ఫసలీ 1212. ఏడాది జూలైలో మారుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా నెలలైతే ఇంకో ఒకటి కలుపు.

ఇక ఇంజరం. కుంపిణీ కాగితాల్లో ఆ ఊరు "ఇంజెరం" అనీ "ఇంగెరం" అనీ కనిపిస్తుంది. ఫ్యాక్టరీ అన్న మాట చూసి యంత్రాలు ఊహించుకోకు. అది వర్తకపు కొఠీ. బట్టలు కొని, మడతలు లెక్కపెట్టి, ఓడకెక్కించే చోటు. ఇంజరం, మాడపల్లం, బెండమూర్లంక, ఈ మూడు కొఠీల చుట్టూ గోదావరి సాలెవాళ్ల మగ్గాలు ఆడేవి. కొఠీ బయానా ఇచ్చేది, సాలెవాడు గుడ్డ నేసి ఇచ్చేవాడు. దొరకి తెలుగు రాదు, సాలెవాడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో నిలబడ్డవాడు మీ తాత.

ఆ రోజుల కాగితాలు వెతకాలంటే "గోదావరి జిల్లా" అని అడక్కు. ఆ పేరు 1859లో వచ్చింది. 1794లో కలెక్టర్లను వేసేదాకా ఆ ప్రాంతమంతా మచిలీపట్నం కౌన్సిల్ కింద ఉండేది. కాబట్టి మచిలీపట్నం రికార్డులు అడుగు, ఆ తర్వాతివైతే రాజమండ్రి. వాటిలో కొన్ని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరకొచ్చు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరిన కుంపిణీ కాగితాలు వేరే. మీ ఊరి పక్కనే యానాం ఉంది, అప్పట్లో అది ఫ్రెంచివాళ్లది. జగన్నాథపురం డచ్చివాళ్లది. దుబాసీలు పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవారు. ఆయన ఒకే కొఠీలో బతుకంతా గడిపాడని అనుకోకు. ఆయన తండ్రి దాకా వెళ్లగలిగితే ఇంకో జాగ్రత్త. 1752 సెప్టెంబరు దాకా ఇంగ్లీషువాళ్ల తేదీ ఫ్రెంచివాళ్ల తేదీకి పదకొండు రోజులు వెనక నడిచింది. పైగా వాళ్ల పాత లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 జనవరి అని రాసి ఉంటే మనకది 1741.

పేర్ల సంగతి. కళ్లతో వెతక్కు, నోటితో చదువు. ఒంగోలు వైపు పుట్టి మద్రాసు సదర్ కోర్టులో, అంటే అప్పటి పై కోర్టులో, దుబాసీ పని చేసిన వెన్నెలకంటి సుబ్బారావు గారు తన జీవితకథ ఇంగ్లీషులో రాసుకున్నారు. 1873లో అది అచ్చయినప్పుడు అట్ట మీద ఆయన పేరు "సూబ్ రో" అని ఉంది. చదువుకున్నవాడి పేరే అలా ఉంటే, గుమాస్తా చెవిన పడ్డ మీ తాత పేరు ఎలా మారి ఉంటుందో ఆలోచించు. ఇంటిపేరు ఉండకపోవచ్చు. అసలు పేరే లేకుండా "చీఫ్ గారి దుబాసీ" అని మాత్రమే ఉండొచ్చు. అలా కనిపించినప్పుడు అది ఆయనే అని సంబరపడకు. ఆ ఏడు ఆ కొఠీలో ఇంకెవరు దుబాసీలున్నారో చూడు.

ఒక్కటి మనసులో పెట్టుకో అమ్మా. ఎవరూ మీ తాత బతుకు రాద్దామని కాగితం ముందు కూర్చోలేదు. శిస్తు బాకీ పడ్డప్పుడు, అప్పు తీసుకున్నప్పుడు, ఎవరో అర్జీ పెట్టినప్పుడు, భూమి ఇచ్చినప్పుడు, అలా సర్కారుకి తగిలిన క్షణంలోనే మనిషి రికార్డులోకి వస్తాడు. ప్రతి కాగితాన్నీ రెండు ప్రశ్నలు అడుగు. ఇది రాసిందెవరు? ఎందుకు రాయాల్సి వచ్చింది? సాలెవాళ్లు దుబాసీ మీద అర్జీ పెడితే వాళ్ల కోపం కనిపిస్తుంది. దొర దుబాసీని వెనకేసుకొస్తే దొర అవసరం కనిపిస్తుంది. మీ తాత గొంతు ఆ రెంటి మధ్యా ఉంటుంది, చాలాసార్లు వినపడదు కూడా.

నీ నవలకి ఓ రోజు ఇస్తాను, తీసుకో. 1787 మే 20. మూడు రోజుల నుంచి ఈశాన్యపు గాలి. ఆ ఉదయానికి తుఫాను విరుచుకుపడింది. ఇంజరంలో ఉన్న కుంపిణీ ఉద్యోగి పార్సన్స్ తర్వాత దాన్ని గురించి ఓ ఉత్తరం రాశాడు. పెంకులు లేచిపోయాయి, తలుపులు కిటికీలు ఊడిపడ్డాయి. ఇంతలో జనం గుంపులు గుంపులుగా, సముద్రం వచ్చేస్తోందని కేకలు పెడుతూ ఆయన ఇంటివైపు పరిగెత్తుకొచ్చారు. కోరంగి, ఇంజరం చుట్టుపక్కల వేల మంది పోయారు. ఆ ఉత్తరంలో ఆ జనం పేర్లు లేవు. మీ తాత అప్పటికి ఇంజరంలోనే ఉంటే ఆ గుంపులో ఉండాలి, లేదా అప్పటికే ఆ ఇంటి లోపల ఉండాలి. ఏది అన్నది నీకు తెలియదు. తెలియదు అన్న చోట తెలిసినట్టు రాయకు. "ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో నాకు దొరకలేదు" అని రాయి. పాఠకుడు నిన్ను అక్కడే నమ్ముతాడు. నవల కాబట్టి ఊహించే హక్కు నీకుంది, కాదనను. కానీ ఊహ ఎక్కడ మొదలైందో నీకు తెలిసి ఉండాలి. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కాగితంలో ఉన్నదానికి, కుడి పేజీ నేను అనుకున్నదానికి. ఎడమ పేజీలో ఏ కట్ట, ఏ సంవత్సరం, ఎన్నో పుట అన్నది రాయకుండా ఒక్క ముక్క కూడా ఎక్కించను. తాటాకు దెబ్బ తర్వాత అలవాటు చేసుకున్నది.

నీ ఉత్తరంలో "మా తాత దొరల్ని ఎదిరించి ఉద్యోగం వదిలేశాడని ఇంట్లో చెబుతారు" అని రాశావు. అది నిజం కావచ్చు. కాకపోవడానికీ సిద్ధపడు. దుబాసీ అంటే దస్తూరీ, అంటే కమిషను, తీసుకున్నవాడు. సాలెవాడి బయానాలో కోత కోసినవాళ్లు ఉన్నారు. 1791-92 కరువు తర్వాత కోరంగి, యానాం రేవుల నుంచి ఆకలితో ఉన్న మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి ఫ్రెంచి దీవులకు పంపారు. ఓడ కప్తానుకీ ఊరివాళ్లకీ మధ్య మాట్లాడిపెట్టిన మనుషులు లేకుండా ఆ వ్యాపారం సాగదు. మీ తాత అందులో ఉన్నాడని నేను అనడం లేదు. వెతికేటప్పుడు ఆ కట్టలు కూడా విప్పాలి అంటున్నాను. మనకి నచ్చే కట్టలు మాత్రమే విప్పితే అది వెతకడం కాదు. ఒకవేళ దొరికితే దాచకు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి కోపం వస్తుంది. నాకూ వచ్చింది ఆ అనుభవం, మా పెదనాన్న రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఓడెక్కిన ఆ మనుషులకి వంశవృక్షం రాసేవాళ్లు మిగల్లేదు. వాళ్ల తరఫున ఆ కాగితం ఒక్కటే ఉంది.

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఎనిమిది మంది మగవాళ్ల పేర్లున్నాయి. ఒక్క ఆడమనిషి పేరు లేదు. రికార్డుల్లో ఆడవాళ్లు తక్కువే, కానీ అసలు లేకపోలేదు. భర్త పోయి ఇనాం తన పేర మార్చమని అర్జీ పెట్టినప్పుడు, దత్తత తగాదా వచ్చినప్పుడు, బాకీకి నగలు కుదవ పెట్టినప్పుడు ఆమె పేరు రాయక తప్పలేదు. మా ఇంట్లో ఆ కరువు నాటి పత్రం వెనకవైపు, చివరి ఆకులో, ఓ ఆడమనిషి నిశానీ ఉంది. చిన్న గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత. పక్కన పేరు. అమ్మకానికి ఆమె ఒప్పుకున్నట్టు. పదకొండేళ్లలో నేను ఎక్కువసేపు చూసిన ఆకు అదే.

ఎగ్మూరు వెళ్లేముందు ఉత్తరం రాసి అనుమతి తెప్పించుకో. మొదటిసారి వెళ్లినప్పుడు వారం రోజులైనా పెట్టుకో. మొదటి రెండు రోజులు ఆ చేతిరాత అలవాటు కావడానికే పోతాయి. ఆ రెండు రోజులూ ఏమీ దొరకలేదని టెన్షన్ పడకు.

ఈలోగా మీ అమ్మమ్మని, మీ నాయనమ్మని విడివిడిగా కూర్చోబెట్టి అడుగు. దుబాసీ తాత భార్య ఏ ఊరి ఆడపడుచు, పేరేమిటి అని. కలిపి అడిగితే ఒకరు చెప్పినదానికి ఇంకొకరు తలూపుతారు. పేరు తెలిస్తే నాకు రాయి. తూర్పు గోదావరి వైపు పాత కరణాల ఇళ్లు కొన్ని నాకు తెలుసు. మార్గశిరంలో ఎండలు తగ్గాక ఇద్దరం వెళ్లి అడుగుదాం.

ఉంటాను,
మీ మాస్టారు