ఓటింగ్‌కు ముందే తేలిపోయే ఎన్నిక

ప్రశ్న: మా అమ్మాయి నార్త్ కరోలినాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఫీజులు ఖరారు చేసే బోర్డును అక్కడ గవర్నరు కాకుండా చట్టసభే ఎన్నుకుంటుందని విన్నాం. ఎలా ఎన్నుకుంటారు?

జవాబు: మీరు విన్నది నిజమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గవర్నరు పేర్లు పంపితే సెనేటు ఆమోదిస్తుంది. మిషిగన్, నెబ్రాస్కా లాంటి చోట్ల పెద్ద విశ్వవిద్యాలయాల బోర్డులకు ఓటర్లే నేరుగా ఓటేస్తారు. చట్టసభే ఎన్నుకునే రాష్ట్రాలు కొన్నే, వాటిలో నార్త్ కరోలినా ఒకటి. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మొత్తం వ్యవస్థకు పైనుండే బోర్డ్ ఆఫ్ గవర్నర్స్‌లో ఓటు హక్కున్న సభ్యులు 24 మంది. ఒకప్పుడు 32 మంది ఉండేవారు, 2017లో చేసిన చట్టంతో తగ్గించారు. సెనేటు 12 మందిని, ప్రతినిధుల సభ 12 మందిని విడివిడిగా ఎన్నుకుంటాయి. పదవీకాలం నాలుగేళ్లు. బేసి సంవత్సరాల్లో సగం స్థానాలు ఖాళీ అవుతాయి కాబట్టి ఒక్కో సభ ఆరుగురిని ఎంచుకుంటుంది. కొత్తవాళ్లు జులై 1న బాధ్యతలు తీసుకుంటారు. సిట్టింగ్ శాసనసభ్యులు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్ల జీవిత భాగస్వాములు అనర్హులు. విద్యార్థి సంఘాల సమాఖ్య అధ్యక్షుడు బోర్డులో కూర్చుంటాడు గానీ ఓటు ఉండదు.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. మీ అమ్మాయి చదివే క్యాంపస్‌కు వేరే ట్రస్టీల బోర్డు ఉంటుంది. చాలా క్యాంపస్‌లలో దాని సభ్యులు 13 మంది: ఎనిమిది మందిని బోర్డ్ ఆఫ్ గవర్నర్స్, నలుగురిని చట్టసభ నియమిస్తాయి, పదమూడో స్థానం విద్యార్థి సంఘం అధ్యక్షుడిది. ఫీజు మీద ఫిర్యాదు క్యాంపస్ ట్రస్టీలకు మాత్రమే పంపి ఊరుకోకండి, చివరి మాట పై బోర్డుది.

ప్రశ్న: రెండు సభలూ విడివిడిగా ఎన్నుకుంటే ఏమిటి, కలిసి ఓటేస్తే ఏమిటి? తేడా ఉందా?

జవాబు: చాలా ఉంది. అసలు కిటుకంతా సభల సైజులోనే ఉంది. న్యూయార్క్‌లో విద్యారంగం మొత్తాన్ని పర్యవేక్షించే బోర్డ్ ఆఫ్ రీజెంట్స్‌లో 17 మంది ఉంటారు, పదవీకాలం ఐదేళ్లు. (స్టేట్ యూనివర్సిటీ ట్రస్టీలు వేరు. వాళ్లలో ఎక్కువమందిని గవర్నరే నియమిస్తారు.) రీజెంట్ల విషయంలో రెండు సభలూ ఒక పేరు మీద ఏకీభవించకపోతే మార్చిలో ఉమ్మడి సమావేశం జరుగుతుంది. అసెంబ్లీ (దిగువ సభ) బలం 150, సెనేటు బలం 63. అంటే 213లో 107 వస్తే చాలు, అసెంబ్లీలో గట్టి మెజారిటీ ఉన్న పార్టీకి సెనేటుతో పనే లేదు. సెనేటు రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఏళ్లలో కూడా రీజెంట్లను ఎంచింది అసెంబ్లీ డెమోక్రాట్లే. మిన్నెసోటాలో దిగువ సభ బలం 134, సెనేటుది 67; సౌత్ కరోలినాలో 124, 46. ఉమ్మడి ఓటు ఉన్నచోట చిన్న సభకు గౌరవమే తప్ప బలం ఉండదు.

ప్రశ్న: మిన్నెసోటా విశ్వవిద్యాలయ రీజెంట్ (పాలక బోర్డు సభ్యుడు) పదవికి పోటీ చేయాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఏ స్థానమో చూసుకోండి. మొత్తం 12 స్థానాల్లో ఎనిమిది, అమెరికా కాంగ్రెస్ (జాతీయ చట్టసభ) నియోజకవర్గాలకు ఒక్కోటి చొప్పున, నాలుగు రాష్ట్రం మొత్తానికి. ఆ నాలుగింటిలో ఒకటి ఎన్నిక నాటికి ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నవారికే. పదవీకాలం ఆరేళ్లు, స్థానాలు విడతలవారీగా రెండేళ్లకోసారి ఖాళీ అవుతాయి. మీ నియోజకవర్గపు స్థానం ఈసారి ఖాళీ లేకపోతే ఎంత యోగ్యత ఉన్నా ప్రయోజనం లేదు.

దరఖాస్తు వెళ్లేది 24 మంది సభ్యులున్న సలహా మండలికి. అది ఇంటర్వ్యూలు చేసి ఒక్కో స్థానానికి ఇద్దరు నుంచి నలుగురి పేర్లు సిఫార్సు చేస్తుంది. తర్వాత ఉభయ సభల కమిటీ, ఆపైన ఉమ్మడి సమావేశం. మండలి జాబితాలో పేరుంటే గెలిచేసినట్టే అనుకోవడం పొరపాటు. ఆ జాబితాకు చట్టసభ కట్టుబడనక్కర్లేదు. మండలి మెచ్చుకున్నవాళ్లు పార్టీ లెక్కల దగ్గర ఓడిపోవచ్చు. కాబట్టి ఇంటర్వ్యూ అయ్యాక ఇంట్లో కూర్చోకుండా, మీ ప్రాంతపు సెనేటర్‌ని, ప్రతినిధిని, ఉన్నత విద్యా కమిటీల సభ్యుల్ని స్వయంగా కలవాలి.

ప్రశ్న: సౌత్ కరోలినాలో చట్టసభ ఎన్నుకునే విశ్వవిద్యాలయ ట్రస్టీ స్థానాలకు చాలాసార్లు ఒక్కరే మిగులుతారెందుకు?

జవాబు: పోటీ లేక కాదు, అది ముందే ముగిసిపోవడం వల్ల. ముగ్గురు దరఖాస్తు పెడితే, ఎనిమిది మంది శాసనసభ్యుల పరిశీలన కమిషన్ వాళ్ల అర్హతలు చూస్తుంది. ఆ తర్వాత ఎవరికి ఎందరు మాటిచ్చారో లెక్కలు మొదలవుతాయి. రెండు సభల్లో కలిపి సభ్యులు 170 మంది, అందరూ ఓటేస్తే 86 కావాలి. ఒకరికి అన్ని హామీలు ఖాయమయ్యాయని తెలియగానే మిగతావాళ్లు తప్పుకుంటారు. ఓడిపోయి ఆ సభ్యులతో చెడగొట్టుకునే కన్నా, మరోసారి వాళ్ల దగ్గరికే వెళ్లొచ్చన్న ముందుచూపు అది. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇలాంటి ఎన్నికల్లో సభ్యులు పైకి చెప్పి ఓటేయాలి, ఏకగ్రీవ సమ్మతి ఉంటే తప్ప. ఆ ఓట్లు సభ జర్నల్‌లోకి, అంటే అధికారిక రికార్డులోకి ఎక్కుతాయి. ఇచ్చిన మాట తప్పితే దొరికిపోతారు, అందుకే హామీలకు అంత విలువ.

అదే రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం సంగతి మాత్రం వేరు. అక్కడి 13 మంది ట్రస్టీల్లో చట్టసభ ఎన్నుకునేది ఆరుగురినే. మిగతా ఏడుగురు జీవితకాల ట్రస్టీలు, ఖాళీ వస్తే తమ వారసుణ్ణి తామే ఎంచుకుంటారు. భూమి ఇచ్చిన థామస్ గ్రీన్ క్లెమ్సన్ తన వీలునామాలో అలాగే రాశారు.