పెద్ద ఫ్యాక్టరీ గేటా, ఆటోనగర్ షెడ్డా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. దగ్గరలోని పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని దొరికింది. విశాఖ ఆటోనగర్‌లో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న యూనిట్ కూడా రమ్మంటోంది గాని, జీతం మూడు వేలు తక్కువ. బంధువులంతా పెద్ద ఫ్యాక్టరీయే మేలంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి నేను ఆటోనగర్ వైపే మొగ్గుతాను, కొన్ని షరతుల మీద.

పెద్ద సంస్థ నీడన ఉన్నంత మాత్రాన దాని విద్య మనకు అబ్బదు. వెనెజులా ఫ్యాక్టరీల మీద 1999లో వెలువడిన అధ్యయనంలో, విదేశీ పెట్టుబడి పెరిగిన రంగాల్లోని స్వదేశీ సంస్థల ఉత్పాదకత పెరగకపోగా తగ్గినట్టు తేలింది. లిథువేనియా మీద 2004లో వచ్చిన అధ్యయనంలో మాత్రం, విదేశీ, స్వదేశీ భాగస్వామ్యంతో నడిచే కంపెనీలు ఏ రంగాల నుంచి సరుకు కొంటున్నాయో ఆ రంగాల్లోని స్థానిక సంస్థలు మెరుగుపడ్డాయి. పోటీదారుకు కిటుకు చెప్పేవారుండరు. సరుకిచ్చేవాడికి మాత్రం దగ్గరుండి నేర్పక తప్పదు, ఎందుకంటే అతని పొరపాటు కొనేవాడి యంత్రాన్నే ఆపుతుంది.

ఇది షెడ్డులో ఎలా జరుగుతుందో చూడండి. ఒక బుష్ (ఇరుసు తిరిగేందుకు అమర్చే లోహపు గొట్టం) లోపలి వ్యాసం 0.02 మిల్లీమీటరు ఎక్కువైందని కంపెనీ తనిఖీ విభాగం లాటు మొత్తాన్ని తిప్పి పంపుతుంది. టూల్ అరిగిందా, జాబ్‌ను, అంటే చెక్కే ముక్కను, సరిగా బిగించలేదా, వేడిగా ఉన్నప్పుడే కొలిచారా అని మైక్రోమీటరు పట్టుకుని వెతికే పనిలో మీవాడికి చోటుంటే, డిప్లొమా మూడేళ్లలో రానిది అక్కడ వస్తుంది. సరుకు ఎందుకు తిప్పి పంపారో రాసిన కాగితం యజమాని బల్ల సొరుగులోనే ఉండిపోతే ఆ యూనిట్‌కు వెళ్లీ ప్రయోజనం లేదు. అందువల్ల చేరకముందే మీరిద్దరూ వెళ్లి, తిరిగొచ్చిన సరుకు లెక్క ఎవరు చూస్తారో, డ్రాయింగులు కార్మికుల చేతికి ఇస్తారో లేదో అడగండి.

పీసుకింత చొప్పున కూలి ఇచ్చే చోటైతే వద్దనే చెబుతాను. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఫుట్‌బాల్ తయారీ సంస్థలకు పరిశోధకులు రెక్సిన్ ఆదా చేసే కొత్త కటింగ్ డై (ముక్కలు కత్తిరించే అచ్చు) ఇచ్చినప్పుడు, అది తమ వేగం తగ్గిస్తుందని పీసు కూలీపై పనిచేసేవారు దాన్ని అడ్డుకున్నారు. వారి భయంలో తప్పేమీ లేదు. కూలి లెక్కే కొత్తది నేర్చుకోనివ్వలేదు.

తక్కువ జీతం మాటకొస్తే, నేర్చిన పని మనిషి వెంట వస్తుంది. బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ 1979లో 130 మందిని కొరియాలోని దేవూ కంపెనీకి శిక్షణకు పంపింది. తరువాతి ఏళ్లలో వారిలో వంద మందికి పైగా బయటికి వెళ్లి, కొత్త దుస్తుల ఫ్యాక్టరీలు పెట్టారు లేదా వాటిలో చేరారు. దేశ్ యాజమాన్యానికి అది నష్టమే, కాని ఆ దేశపు దుస్తుల పరిశ్రమ అలాగే విస్తరించింది.

ఫ్యాక్టరీవారిది కాంట్రాక్టు కూలి కాక, 1961 నాటి చట్టం కింద ధ్రువపత్రం ఇచ్చే అప్రెంటిస్ శిక్షణ అయితే నా సలహా మారుతుంది. సునాబేడలోని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ అప్రెంటిస్ ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండండి; ఏడాది, ఆపైన ఉద్యోగానుభవం ఉన్నవారిని సాధారణంగా తీసుకోరు గనుక, ఎక్కడ చేరినా మొదటి ఏడాది లోపే దరఖాస్తు చేయించాలి.