టెక్ సందేహాలు: కాయిలోవర్లు వేశాక కారు కుదిపేస్తోంది

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా 1967 ఫోర్డ్ ముస్టాంగ్‌కు ముందు పాత స్ప్రింగులు తీసేసి కాయిలోవర్ కిట్ (షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగ్ ఉండేది) వేయించాను. కారు ముందు భాగం అందంగా కిందికి దిగింది. కానీ ఫ్రీవే మీద ప్రతి జాయింటుకీ దబ్‌మని కొడుతోంది. షాక్ నాబ్ పూర్తిగా సాఫ్ట్‌లో పెట్టినా తేడా లేదు. మెత్తటి స్ప్రింగులు కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ‘అందంగా కిందికి దిగింది’ అన్నారు చూశారా, నా అనుమానమంతా అక్కడే ఉంది. స్ప్రింగ్ కింది కాలర్‌ను, అంటే దాన్ని మోసే రింగును దించితే కారు దిగుతుంది, స్ప్రింగ్ గట్టిదనం మాత్రం మారదు. తగ్గేది షాక్ లోపలికి వెళ్లడానికి మిగిలిన జాగా. అది చాలకపోతే చిన్న గతుకుకే షాక్ వెళ్లి బంప్ స్టాప్‌ను, అంటే ప్రయాణం చివర అడ్డుగా ఉండే మెత్తటి దిమ్మను గుద్దుతుంది. మీకు వినిపిస్తున్న దబ్ అదే కావచ్చు. అప్పుడు మెత్తటి స్ప్రింగ్ వేస్తే ఇంకా గట్టిగా గుద్దుతుంది!

తేల్చుకోవడం తేలికే. షాక్ రాడ్‌కు ఒక జిప్ టై బిగించి, షాక్ బాడీకి ఆనేలా జరిపి, రోజూ వెళ్లే రోడ్డు మీద తిరిగి రండి. టై వెళ్లి బంప్ స్టాప్‌కు ఆనుకుని ఉంటే దొంగ దొరికినట్టే. రోడ్డు మీద తిరిగే కారుకు, అది నిలబడి ఉన్నప్పుడు షాక్ మొత్తం ప్రయాణంలో దాదాపు 60 శాతం గతుకుల కోసం మిగలాలి. అంత లేకపోతే కాలర్ తిప్పి కారును పైకి లేపండి. చూడ్డానికి కాస్త అందం తగ్గుతుంది, నడుము మాత్రం మిగులుతుంది.

టై అంతదూరం పోలేదంటే అప్పుడు స్ప్రింగ్ సంగతి చూద్దాం. చక్రం అంగుళం లేస్తే మీ కాయిలోవర్ 0.7 అంగుళం కదులుతుందనుకోండి. 500 పౌండ్ల స్ప్రింగ్ (అంగుళం నొక్కడానికి 500 పౌండ్ల బలం కావాలి) చక్రం దగ్గర 0.7ను రెండుసార్లు గుణిస్తే వచ్చే 245 పౌండ్లే అవుతుంది. ఆ మూల మీద 750 పౌండ్ల బరువుంటే కారు సెకనుకు సుమారు 1.8 సార్లు ఊగుతుంది. 350 స్ప్రింగుతో అది 1.5కు దిగుతుంది. హాయిగా తిరగాలంటే 1 నుంచి 1.5 మధ్య ఉండాలి, 2 దాటితే రేసు కారు లెక్క. మీది ఆరు సిలిండర్ల ఇంజినో వీ8ఓ రాయలేదు. బరువైన వీ8 కోసం ఇచ్చిన స్ప్రింగులు ఆరు సిలిండర్ల కారుకు గట్టివే అవుతాయి.

నాబ్ మీద ఆశ పెట్టుకోకండి. ఒకే నాబ్ ఉన్న చాలా షాకుల్లో అది ప్రధానంగా రీబౌండ్‌ను, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి సాగే తీరును మారుస్తుంది, లోపలికి నొక్కుకునే తీరును కాదు.

కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే చెయ్యి) బోల్టులను చక్రాలు వేలాడుతుండగా బిగించారేమో మీ మెకానిక్‌ను అడగండి. దాని కీళ్లలో ఉండేవి రబ్బరు బుష్‌లైతే మెలిపడి బిగుసుకుపోతాయి. బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు మళ్లీ బిగించాలి. టైరు గాలి కూడా చూసుకోండి. ఈ కారు పుట్టినప్పుడు 14 అంగుళాల చక్రాలు, ఎత్తు టైర్లు. మీవి 17 అంగుళాల సన్న టైర్లైతే కొంత కుదుపు వాటిదే. ఎత్తు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

ప్రశ్న: సస్పెన్షన్ మార్చాక నిజంగా తేడా వచ్చిందో లేదో ఫోన్‌తో కొలవొచ్చా?

జవాబు: కొలవొచ్చు. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లోని యాక్సిలరోమీటర్‌ను, అంటే కుదుపులను పసిగట్టే సెన్సర్‌ను చదువుతుంది. ఫోన్‌ను ముందు సీటు దగ్గర ఫ్లోర్‌కు టేపుతో గట్టిగా అంటించి, అదే రోడ్డు మీద అదే వేగంతో మార్పుకు ముందూ తర్వాతా రికార్డు చేయండి. గ్రాఫ్‌లో అక్కడక్కడా సూదిలా లేచే గీతలు బంప్ స్టాప్ గుద్దుడుకు గుర్తు కావచ్చు. ఆగకుండా వణుకు కనిపిస్తే స్ప్రింగునో టైరునో అనుమానించండి.