పాత అంబాసిడర్‌కు నైలాన్ టైర్లా, రేడియల్ టైర్లా?

విజయనగరంలో మీ తాతగారి అంబాసిడర్‌కు ఏ టైర్లు మేలని అడిగారు. మెకానిక్‌లు నైలాన్ టైరనే బయాస్-ప్లై టైరులో దారాల పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతాయి కనుక, పక్కగోడ వంగినప్పుడల్లా నేలను తాకే భాగమూ కదులుతుంది. అందుకే బండి రోడ్డు మీది గాడి వెంట లాగుతుంది, వారాల తరబడి షెడ్డులో నిలిపితే టైరు అడుగు చదునై, బయలుదేరిన కాసేపు స్టీరింగు అదురుతుంది. రేడియల్‌లో దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా సాగి, వాటిపై బెల్టులు ఉండటం వల్ల విశాఖ హైవే మీద టైరు వేడెక్కడం తక్కువ, తడి రోడ్డుపై పట్టు ఎక్కువ.

ప్రదర్శనకే ఉంచే బండికి అసలు రూపమిచ్చే 5.90-15 సైజు నైలాన్ టైర్లే అందం. తరచూ నడిపేదైతే నేను నిస్సందేహంగా రేడియలే వేయించమంటాను. నిదానంగా మలుపు తిప్పేటప్పుడు స్టీరింగు కాస్త బరువనిపిస్తుంది, అంతే. అయితే రిమ్ములకు పగుళ్లున్నాయేమో ముందుగా చూపించండి, రేడియల్‌కు తగిన ట్యూబులే అడగండి, ఒకే ఇరుసుకు రెండు రకాలూ ఎన్నడూ కలపకండి.