హంబర్‌స్టోన్ వెళ్తే ముందు సాంటా లారా చూడు

అమ్మడూ,

చిలీలో, సాంటియాగోలో ఆఫీసు పని అయ్యాక రెండు రోజులు ఖాళీ ఉందనీ, అటకామా ఎడారిలో ఖాళీ అయిపోయిన ఆ నైట్రేటు ఊరు హంబర్‌స్టోన్ చూడాలనుందనీ రాశావు. తప్పకుండా వెళ్లు. నేను చూసొచ్చినవాణ్ణి, పైగా సింగరేణిలో బాయి పని చేసి రిటైరయినవాణ్ణి, కాబట్టి కాస్త చాదస్తంగా చెప్పినా విను.

సముద్రం ఒడ్డున ఉన్న ఇకికే ఊరి దాకా విమానం, అక్కణ్ణుంచి రోడ్డు మీద దాదాపు 45 కిలోమీటర్లు. తిరిగి రావడానికి బండి ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో దిగే ముందే డ్రైవర్‌ని అడుగు. పొద్దున ఇకికేలో సముద్రం మీది మబ్బు చూసి ఈ రోజు చల్లగా ఉందనుకుంటావు, కొండెక్కి పైకి చేరేసరికి ఆ మబ్బూ ఉండదు, నీడా ఉండదు. నీళ్లు, టోపీ, మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. పాత చెక్కల్లోంచి మేకులు పైకి లేచి ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది నేరుగా హంబర్‌స్టోన్‌లో దిగి, ఖాళీ వీధుల్లో ఫోటోలు తీసుకుని, ఎండకి నీరసపడి, పక్కనే ఉన్న సాంటా లారాని వదిలేసి వెళ్లిపోతారు. నువ్వు ముందు సాంటా లారాకే వెళ్లు. హంబర్‌స్టోన్‌లో ఊరు మిగిలింది, సాంటా లారాలో ఫ్యాక్టరీ మిగిలింది. పని చూడకుండా ఊరు చూస్తే అదొక సినిమా సెట్టు, అంతే. ఇంటర్‌లో బట్టీ పట్టిన చిలీ సాల్ట్‌పీటర్ గుర్తుందా, ఎరువుగా వాడే సోడియం నైట్రేటు, అది ఇదే. కాలిచే అనే ఉప్పురాయిని పేల్చి, నలగ్గొట్టి, ఆవిరి గొట్టాలు బిగించిన పెద్ద ఇనుప తొట్లలో నీళ్లు పోసి మరిగించేవాళ్లు. నైట్రేటు కరిగిన ఆ నీళ్లని వేరే తొట్లలోకి పట్టి చల్లారనిస్తే స్ఫటికాలు కట్టేవి. తొట్టి ఖాళీ అయ్యాక ఇంకా సెగలు కక్కుతున్న ఆ అడుగులోకి మనుషులు దిగి, మిగిలిన పిప్పిని పారలతో తోడిపోసేవాళ్లు. ఆ తొట్ల దగ్గర కాసేపు నిలబడు. ఆ పిప్పి గుట్ట ఇంకా అక్కడే ఉంది, ఎంతమంది ఎన్నేళ్లు తోడితే అంతయిందో చూస్తేనే తెలుస్తుంది.

ఆ తర్వాత హంబర్‌స్టోన్‌కి రా. బడి, మార్కెట్, కార్మికుల ఇళ్లు అన్నీ ఉన్నాయి గానీ కంపెనీ కొట్టుని మాత్రం తీరిగ్గా చూడు. ఒకప్పుడు ఈ నైట్రేటు క్యాంపుల్లో కూలి డబ్బుగా ఇచ్చేవాళ్లు కాదు, టోకెన్లిచ్చేవాళ్లు, అవి ఆ కంపెనీ కొట్లో తప్ప బయట చెల్లవు. మాకూ కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆస్పత్రి ఉండేవి, కానీ జీతం రూపాయల్లో చేతికొచ్చేది, ఆ తేడా ఎంతో నాకు అక్కడే అర్థమైంది. 1907లో ఈ టోకెన్లూ కూలీ గురించే సమ్మె కట్టి ఇకికే దాకా నడిచొచ్చిన కార్మికుల మీద సాంటా మారియా బడి దగ్గర సైన్యం కాల్పులు జరిపింది. ఇకికేలో ఉన్నప్పుడు ఈ విషయం మనసులో పెట్టుకో.

ఇంకోటి. లా పాల్మా పేరుతో మొదలైన ఈ ఊరికి, ఇందాక చెప్పిన ఆవిరితో మరిగించే పద్ధతిని (షాంక్స్ పద్ధతి అంటారు) ఇక్కడికి తెచ్చిన ఇంగ్లిష్ కెమిస్టు హంబర్‌స్టోన్ పేరు 1930లలో పెట్టారు. నువ్వు ముచ్చటపడే థియేటరు, ఓడ ఇనుముతో కట్టిన ఈత కొలను అప్పటివే. అప్పటికే హేబర్ పద్ధతి పుణ్యమా అని గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా చేసి, దాంతో ఎరువులు తయారుచేస్తున్నారు, అందుకే చిలీ నైట్రేటు వ్యాపారం దిగజారింది. సోకులన్నీ చేసింది ఆ చివరి దశలో! 1960లో మూసేశారు.

మూతపడ్డాక పాత ఇనుము కోసం విప్పుకుపోయినవాళ్లూ, ఊరికే పగలగొట్టినవాళ్లూ చేసిన చేటు అంతా ఇంతా కాదు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన రోజే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేరింది, 2019లో గానీ బయటపడలేదు. అందుకని గుర్తుగా ఉంటుందని మేకు ముక్క కూడా జేబులో వేసుకోకు, తాడు కట్టిన చోట గడప దాటకు, ఆ చెక్క నేలల్ని నమ్మలేం.

టికెట్ రెండు చోట్లకీ ఒకటే, మొదటి గేటు దాటగానే పారెయ్యకు.

మీ పెద్దనాన్న