ఎస్ఓ-50లో పిలిస్తే ఎవరూ పలకడం లేదా? ముందు నీకు వినబడుతోందా చూసుకో

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇదీ: హ్యామ్ (సరదాకి చేసే రేడియో) లైసెన్స్ వచ్చింది, చేతిలో ఐదు వాట్ల బావోఫెంగ్ వాకీటాకీ ఉంది, వారం నుంచి మన మాటను అందుకొని తిరిగి కిందికి పంపే ఎస్ఓ-50 శాటిలైట్ మీద పిలుస్తున్నా ఒక్కరూ పలకడం లేదు, యాభై వాట్ల సెట్ కొనాలా?

కొనకు. ఇదే తెలివితక్కువ పని నేను నల్లగొండలో చేశాను. మొదటి నెలంతా డాబా ఎక్కి, సెట్‌తో వచ్చిన రబ్బరు యాంటెన్నాతో, స్క్వెల్చ్ (సిగ్నల్ బలహీనంగా ఉంటే స్పీకర్ నోరు మూసేసేది) వేసుకొని, పాస్ (శాటిలైట్ మన మీదుగా పోయే పది నిమిషాలు) మొదలైంది మొదలు నా కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే రేడియో పేరు) అరుచుకుంటూ పోయేవాణ్ణి. ఒకరోజు ఓ సీనియర్ ఫోన్ చేసి, "బాబూ, నువ్వు పైకి చేరుతున్నావు. కానీ నువ్వు పిలిచిన ప్రతిసారీ అక్కడ ఇద్దరు మాట్లాడుకుంటున్నారు" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

2002 డిసెంబర్‌లో పైకి వెళ్లిన ఆ డబ్బా ఆరేడు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి మనకు పంపేది పావు వాట్. నీ ఐదు వాట్లు దానికి చాలు, దాని పావు వాట్ నీ రబ్బరు ముక్కకు చాలదు. కాబట్టి డబ్బు చెవి మీద పెట్టు. నేను హార్డ్‌వేర్ షాపులో స్టీల్ కొలత టేపు, పీవీసీ పైపు కొని యాగీ (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) చేసుకున్నాను. దాన్ని శాటిలైట్ వైపు పట్టుకుంటే ముందు బుస్సుమనే శబ్దమే. మణికట్టు పావు వంతు తిప్పేసరికి ఆ బుస్సు ఒక్కసారిగా తగ్గి థాయ్‌లాండ్ నుంచి ఒకాయన గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వినబడింది. శాటిలైట్ తిరుగుతుంటుంది కాబట్టి ఆ పది నిమిషాలూ చెయ్యి అలా తిప్పుతూనే ఉండాలి. స్క్వెల్చ్ మాత్రం పూర్తిగా తీసెయ్.

అప్‌లింక్ (మనం పైకి పంపేది) 145.850 మెగాహెర్ట్జ్, మాటతో పాటు పంపాల్సిన టోన్ 67 హెర్ట్జ్. డౌన్‌లింక్ (అది కిందికి పంపేది) 436.795 కానీ డాప్లర్ వల్ల, అంటే శాటిలైట్ వేగానికి ఫ్రీక్వెన్సీ జరగడం వల్ల, పాస్ మొదట్లో 436.805 దగ్గర పట్టుకొని, ఐదేసి కిలోహెర్ట్జ్ చొప్పున దింపుతూ చివరికి 436.785కి రావాలి, అందుకని ఐదు చానళ్లు ముందే సేవ్ చేసుకో. 74.4 టోన్‌తో ఇంకొకటి కూడా. శాటిలైట్ నిద్రపోతుంటే దాంతో రెండు సెకన్లు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే పది నిమిషాల టైమర్ మొదలవుతుంది. ఎవరైనా మాట్లాడుతుంటే మాత్రం అది ముట్టుకోకు, లేచి ఉన్నదాన్ని మళ్లీ లేపడం దేనికి?

వీలైతే రెండో రిసీవర్‌గా ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) పెట్టుకో, నువ్వు మాట్లాడుతుండగానే నీ గొంతు తిరిగి వస్తోందో లేదో తెలుస్తుంది. ఒక చిక్కుంది: 145.850ని మూడుతో గుణిస్తే 437.55, అంటే డౌన్‌లింక్ పక్కనే. నీ సెట్ నొక్కగానే డాంగిల్‌కి చెవుడు రావచ్చు. నేను పవర్ తగ్గించి, డాంగిల్‌ని దూరం జరిపి నెట్టుకొస్తున్నా.

మర్యాద సంగతికొస్తే, అది ఒకటే చానల్, ఎఫ్ఎం, ఎవరు గట్టిగా ఉంటే వాళ్లే వినబడతారు, మిగతావాళ్లు అణిగిపోతారు. యాభై వాట్లు వద్దన్నది అందుకే. నీకు డౌన్‌లింక్ వినబడకపోతే అసలు నొక్కకు. సందు దొరికితే కాల్‌సైన్, గ్రిడ్ (మీ ఊరు పడే మ్యాప్ గడి పేరు) ఒక్కసారి చెప్పి ఆగు. అవతలివాళ్లు పలికితే సిగ్నల్ ఎలా వస్తోందో రిపోర్ట్ ఇచ్చి, థాంక్స్ చెప్పి తప్పుకో. "భోజనమైందా, మీ దగ్గర వానలెట్లున్నయ్" లాంటివి ఇక్కడ పనికిరావు, వెనకాల ఇరవై మంది ఆగి ఉండొచ్చు. నిన్న మాట్లాడినాయన్నే ఇవాళా పిలిచి టైం తినకు.

తీరిగ్గా మాట్లాడాలంటే క్యూఓ-100 అనే ఇంకో శాటిలైట్ ఉంది, 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కదలకుండా ఉంటుంది, మనకు పడమటి దిక్కున 27 డిగ్రీల ఎత్తులో దొరుకుతుంది. నేను డిష్ బిగిస్తుంటే పక్కింటి పెద్దమ్మ వచ్చి, "అందరి డిష్‌లు అటుంటే నువ్వు ఉల్టా పెట్టినవేంది బిడ్డా, సిగ్నల్ ఎట్లొస్తది?" అంది. ఆమె తప్పేం లేదు, డీటీహెచ్ గిన్నెలన్నీ దక్షిణానికే చూస్తాయి కదా. కానీ పైకి 2.4 గిగాహెర్ట్జ్, కిందికి 10 గిగాహెర్ట్జ్, సామాను ఖర్చు బాగానే అవుతుంది. అది లీనియర్ ట్రాన్స్‌పాండర్, అంటే ఒకేసారి చాలామంది సిగ్నళ్లు పంచుకునేది, అక్కడ ఎస్ఎస్‌బీ (తక్కువ చోటు తీసుకునే మాట సిగ్నల్), మోర్స్ లాంటి సన్నటి సిగ్నళ్లే, ఎఫ్ఎం వేస్తే అందరి పవర్ నువ్వే తాగేసినట్టు. బీకన్ (పోల్చుకోవడానికి ఎప్పుడూ వచ్చే సిగ్నల్) కంటే గట్టిగా వస్తే అక్కడి లీలా అనే కాపలా వ్యవస్థ నీ సిగ్నల్ మీదే సైరన్ వేసి పరువు తీస్తుంది. నాకూ ఒకసారి వేసింది. మొదటి ఏడాదే అటు పోవద్దనే నా సలహా.

ఈ వారం పీటీటీ ముట్టుకోకుండా నాలుగు పాస్‌లు విను, వచ్చిన కాల్‌సైన్లు రాసుకో. మిర్యాలగూడ ఎంకే96 గ్రిడ్‌లో పడుతుంది, నల్లగొండ ఎంకే97. నా లాగ్‌లో ఎంకే96 ఇంకా ఖాళీగానే ఉంది తమ్మీ, వినబడ్డం మొదలయ్యాక నన్నే పిలువు.